ఆకాశరామన్న కాదు, మార్క్ ఫెల్ట్: ముప్పై మూడేళ్లు నిలిచిన మాట చివర్లో ఎక్కడ చిక్కుపడింది

2005 మే 31న అమెరికాలోని వానిటీ ఫెయిర్ పత్రిక ఒక వ్యాసం విడుదల చేసింది. రాసినది జాన్ ఓకానర్ అనే శాన్ ఫ్రాన్సిస్కో లాయరు. వాటర్‌గేట్ కుంభకోణంలో (అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగచాటుగా చొరబడిన వ్యవహారం, చివరికి నిక్సన్ పదవి పోగొట్టింది) వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు లోపలి సంగతులు చెప్పిన ‘డీప్ థ్రోట్’ తానేనని 91 ఏళ్ల మార్క్ ఫెల్ట్ ఒప్పుకున్నారన్నది అందులోని విషయం. 1972లో ఫెల్ట్ అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో డైరెక్టర్ తర్వాతి స్థానంలో ఉన్న అధికారి. వ్యాసం రాగానే పోస్ట్ విలేకరులు బాబ్ ఉడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ పాత మాటకే కట్టుబడ్డారు. ఆ మనిషి చనిపోయేదాకా పేరు చెప్పబోమన్నారు. అదే రోజు సాయంత్రానికల్లా అవునని ఒప్పుకున్నారు. ఆ ఉదయానికీ సాయంత్రానికీ మధ్య నలిగిన ప్రశ్నే ఈ కేసులో విలేకరులకు అసలు పాఠం. గోప్యత మాట ఎలా ఇవ్వాలో వాళ్లకు తెలుసు. దాని నుంచి ఎప్పుడు, ఎవరి అనుమతితో బయటపడాలన్నది మాత్రం మొదట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

పార్కింగ్ గ్యారేజీ, పూలకుండీ, అర్ధరాత్రి టాక్సీలు... ఈ కేసు అనగానే అందరికీ గుర్తొచ్చేవి ఇవే. రహస్యం నిలవడంలో వాటి పాత్ర చిన్నది.

ముందు ఒక తేడా చూడాలి. మన దగ్గర ఆకాశరామన్న ఉత్తరం అంటే రాసిందెవరో అందుకున్నవాడికి కూడా తెలియదు. ఫెల్ట్ అలాంటివాడు కాదు. ఉడ్‌వర్డ్‌కు ఆయన పేరు, హోదా, ఏ ఫైలు ఆయన బల్ల మీదికి వస్తుందో అన్నీ తెలుసు. పాఠకుడికి మాత్రం తెలియదు. మొదటి రకంలో సమాచారం నిజమో కాదో తేల్చడం తప్ప విలేకరికి వేరే బాధ్యత లేదు. రెండో రకంలో ఒక మనిషి ఉద్యోగం, కొన్నిసార్లు ప్రాణం, విలేకరి చేతిలో ఉంటుంది. ఈ రెంటినీ ‘అజ్ఞాత వర్గాలు’ అని ఒకే మాటతో సరిపెట్టడం డెస్కులలో పాతుకుపోయిన పొరపాటు.

ఇద్దరి పరిచయం కుంభకోణం కంటే పాతది. ఉడ్‌వర్డ్ నేవీలో లెఫ్టినెంట్‌గా ఉన్న రోజుల్లో వైట్‌హౌస్‌కు పత్రాలు అందించడానికి వెళ్లి, వెయిటింగ్ రూములో ఫెల్ట్ పక్కన కూర్చున్నారు. తర్వాత విలేకరి అయ్యాక కూడా ఫోన్లు చేస్తూ ఆ పరిచయం నిలుపుకున్నారు. 1972 మే 2న ఎఫ్‌బీఐని దశాబ్దాలుగా ఏలిన జె. ఎడ్గార్ హూవర్ చనిపోయారు. ఆ కుర్చీ తనకే వస్తుందని ఫెల్ట్ ఆశించారు. అధ్యక్షుడు నిక్సన్ మాత్రం ఎఫ్‌బీఐ బయటి మనిషి పాట్రిక్ గ్రేని తాత్కాలిక డైరెక్టర్‌గా కూర్చోబెట్టారు. మే నెలలోనే అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిగినప్పుడు ఫెల్ట్ ఉడ్‌వర్డ్‌కు సాయం చేశారు. అంటే జూన్ 17 తెల్లవారుజామున వాటర్‌గేట్ భవనంలో డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో ఐదుగురు పట్టుబడే నాటికి ఆ సోర్స్ సిద్ధంగా ఉన్నాడు. గొడవ మొదలయ్యాక పుట్టిన సోర్సును ఇంతగా నమ్మడం కష్టం. ముందు కాలంలో ఆయన చెప్పినవి నిజమయ్యాయా లేదా అన్న లెక్క మన దగ్గర ఉండదు కాబట్టి.

ఆయన్ని వాడుకున్న తీరుకు తొలి ఉదాహరణే బాగుంటుంది. పట్టుబడ్డవాళ్ల దగ్గర దొరికిన చిరునామా పుస్తకాల్లో వైట్‌హౌస్ సలహాదారు హోవర్డ్ హంట్ పేరు, వైట్‌హౌస్‌ను సూచించే గుర్తు ఉన్నాయి. ఈ సంగతి పోస్ట్‌లో రాత్రి పోలీసు వార్తలు చూసే యూజీన్ బాచిన్‌స్కీ పోలీసుల నుంచి పట్టుకొచ్చారు. జూన్ 19న ఉడ్‌వర్డ్ ఫెల్ట్‌కు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: హంట్ పేరు రాస్తే అన్యాయం అవుతుందా? కాదని, ఎఫ్‌బీఐ దృష్టిలో హంట్ ముఖ్యమైన అనుమానితుడేనని ఫెల్ట్ చెప్పారు. మర్నాడు కథనం వచ్చింది. వార్త పోలీసులది, భరోసా ఫెల్ట్‌ది. ఫెల్ట్ పెట్టిన షరతు కూడా అదే: తన మాటను అనామకంగా కూడా ఉటంకించకూడదు, వేరే చోట దొరికినదాన్ని సరిచూడటానికీ దిశ చూపడానికీ మాత్రమే వాడుకోవాలి. అమెరికా విలేకరుల భాషలో దాన్ని డీప్ బ్యాక్‌గ్రౌండ్ అంటారు. ఆ మాటనూ, అప్పట్లో ఆడుతున్న ఒక అశ్లీల చిత్రం పేరునూ కలిపి పోస్ట్ మేనేజింగ్ ఎడిటర్ హోవర్డ్ సైమన్స్ ‘డీప్ థ్రోట్’ అన్నారు. అలాంటి పేరు నోట్లో నానుతుంది, జనం ఆ మనిషిని వెతకడం మొదలుపెడతారు. సోర్సుకు పెట్టాల్సింది ఎవరికీ ఆసక్తి కలగని పేరు.

‘సొమ్ము వెంట పడు’ అన్న సలహా ఫెల్ట్ ఇచ్చినట్టు చాలామంది రాస్తారు. అది ఈ కుంభకోణం మీద వచ్చిన 1976 నాటి సినిమాలో మాట. విలేకరుల నోట్స్‌లో లేదు.

ఇక కలుసుకున్న పద్ధతి. మొదట ఫోన్లే. ఒత్తిడి పెరిగాక ఫెల్ట్ ఫోన్ వద్దన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎఫ్‌బీఐ గూఢచర్య విభాగంలో పనిచేసిన మనిషి కాబట్టి పద్ధతి ఆయనే నిర్ణయించారు. ఉడ్‌వర్డ్‌కు కలవాలనిపిస్తే పీ స్ట్రీట్‌లో 1718 నంబరు భవనంలోని తన ఫ్లాట్ బాల్కనీలో ఎర్రగుడ్డ కట్టిన పూలకుండీని వెనక్కి జరపాలి. ఫెల్ట్‌కు కలవాలనిపిస్తే ఉడ్‌వర్డ్‌కు వచ్చే న్యూయార్క్ టైమ్స్ 20వ పేజీలో అంకె చుట్టూ గీత, కింద కలిసే వేళ చూపే గడియారం ముళ్లు. కలిసేది నది అవతల ఆర్లింగ్టన్‌లోని రాస్లిన్‌లో, 1401 విల్సన్ బులెవార్డ్ భవనం కింద పార్కింగ్‌లో, డి-32 గడి దగ్గర. ఇంటి నుంచి కొంతదూరం నడక, తర్వాత టాక్సీ, అది వదిలి ఇంకో టాక్సీ, చివరి కొన్ని వీధులు మళ్లీ నడక. 1972 అక్టోబర్ నుంచి 1973 నవంబర్ దాకా అక్కడ ఆరుసార్లు కలిశారని తర్వాత అక్కడ పెట్టిన ఫలకం చెబుతుంది.

ఇందులో పనికొచ్చినవి రెండు. నేరుగా దారి పట్టకపోవడం, ఫోన్ రికార్డు మిగలకపోవడం. పూలకుండీ సంగతి వేరు. ఆ బాల్కనీని ఫెల్ట్ రోజూ ఎలా చూడగలిగారో తనకే అంతుపట్టలేదని ఉడ్‌వర్డ్ 2005లో రాశారు. ఒక గుర్తు ఎలా చేరుతోందో ఇద్దరిలో ఒకరికి తెలియకపోతే, అది ఎవరి కంట పడుతుందో కూడా తెలియదు. మూడో మనిషి ఆ కుండీని చూస్తున్నాడని తేలితే ఉడ్‌వర్డ్‌కు వివరణ ఇచ్చే దారే లేదు. నోట్స్‌లోనూ ఒక లోపం ఉంది. కొన్ని చోట్ల ‘ఎక్స్’ అని రాసుకున్నారు, అది మంచిదే. ఇంకొన్ని చోట్ల ‘మై ఫ్రెండ్’ అన్నదానికి పొడి అక్షరాలుగా ఎం.ఎఫ్. అని పెట్టారు. మార్క్ ఫెల్ట్ పొడి అక్షరాలూ అవే.

ఆ నోట్స్ కోర్టు చేతికి వెళ్లే ప్రమాదం నిజంగానే వచ్చింది. 1972 జూన్ 29న, దొంగతనం జరిగిన పన్నెండో రోజున, బ్రాంజ్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఒక తీర్పు ఇచ్చింది: గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టడానికి ఆధారాలున్నాయో చూసే పౌరుల బృందం) పిలిస్తే సోర్స్ పేరు చెప్పనంటూ విలేకరి రాజ్యాంగం అడ్డం పెట్టుకోలేడు. 1973 ఫిబ్రవరిలో నిక్సన్ ఎన్నికల కమిటీ ఒక సివిల్ దావాలో పోస్ట్ విలేకరుల నోట్స్ కోసం సమన్లు పంపింది. పోస్ట్ చేసిన పని ప్రతి పత్రికా తెలుసుకోవాలి. ప్రచురణకర్త కేథరిన్ గ్రాహం ఆ నోట్స్‌ను తన అధీనంలోకి తీసుకున్నారు. వాటి కోసం ఎవరినైనా జైలుకు పంపాలనుకుంటే ముందు సంస్థ యజమానినే పంపాల్సి వస్తుంది. మార్చిలో జడ్జి ఆ సమన్లను కొట్టేశారు. చేతిలో కాగితాలతో జూనియర్ విలేకరి ఒంటరిగా కోర్టు మెట్లెక్కాల్సిన అవసరం రాకుండా చూడటం యాజమాన్యం పని. అది ముందే రాతపూర్వకంగా ఉండాలి, సమన్లు వచ్చాక ఆలోచించేది కాదు.

రహస్యం బీటలు వారిన చోటు ఎవరూ ఊహించనిది. 1972 అక్టోబర్ 9 తెల్లవారుజామున గ్యారేజీలో కలిశారు. 10న పోస్ట్‌లో పెద్ద కథనం వచ్చింది: వాటర్‌గేట్ దొంగతనం నిక్సన్ తరఫున జరిగిన విస్తారమైన రాజకీయ గూఢచర్యంలో భాగమని ఎఫ్‌బీఐ తేల్చిందని. అక్టోబర్ 19న వైట్‌హౌస్ టేపులో (నిక్సన్ తన గదిలో మాటలన్నీ రహస్యంగా రికార్డు చేయించేవారు) ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ నిక్సన్‌తో ఎఫ్‌బీఐ నుంచి లీకు చేస్తున్నది మార్క్ ఫెల్ట్ అని చెప్పడం వినిపిస్తుంది. పది రోజుల్లోనే! అది గ్యారేజీ నుంచి రాలేదు, పూలకుండీ నుంచి రాలేదు. ఒక పత్రికా సంస్థలో న్యాయ వ్యవహారాలు చూసే మనిషి నుంచి న్యాయశాఖకు, అక్కడి నుంచి వైట్‌హౌస్‌కు చేరిన కబురు అది. అంటే బయటపడింది న్యూస్‌రూమ్ చుట్టూ ఉండే వలయం నుంచి. లీగల్, మేనేజ్‌మెంట్, పాత స్నేహాలు, మధ్యాహ్న భోజనాల దగ్గర కబుర్లు. విలేకరులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఫోన్ ఎన్‌క్రిప్షన్ మీద గంట మాట్లాడి, ఆఫీసులో ఎవరెవరికి పేరు తెలియాలి అన్నదాని మీద ఐదు నిమిషాలు కూడా పెట్టరు. ఈ కేసు చూశాక ఆ లెక్క తిరగబడాలి.

మరి పేరు తెలిసినా ఫెల్ట్‌ను ఎందుకు ముట్టుకోలేదు? ఆ టేపులోనే జవాబు ఉంది. కదిలిస్తే ఉన్నదంతా కక్కేస్తాడని, ఎఫ్‌బీఐలో ఆయనకు తెలియనిది లేదని హాల్డెమన్ హెచ్చరించారు. పైగా కబురు చెప్పిన తమ మనిషి బయటపడిపోతాడన్న భయం. అంటే అవతలి పక్షం కూడా తన సోర్సును కాపాడుకుంటోంది. ఫెల్ట్‌ను తీసేయమని వైట్‌హౌస్ ఒత్తిడి తెచ్చినా గ్రే ఆయన్ని వెనకేసుకొచ్చారు. అడిగితే ఫెల్ట్ కాదన్నారు, గ్రే నమ్మారు. లీకుల మీద విచారణలు నడిపే బాధ్యత కూడా ఫెల్ట్ దగ్గరే ఉండేది. 1973 జూన్‌లో ఆయన ఎఫ్‌బీఐ వదిలారు.

పోస్ట్ చేసిన పెద్ద తప్పు అక్టోబర్ 25 నాటిది, సోర్సులతో పనిచేసేవాళ్లు దాన్ని అరటిపండు ఒలిచినట్టు విప్పి చూడాలి. గూఢచర్యానికి ఖర్చుపెట్టిన రహస్య నిధిని నియంత్రించినవాళ్లలో హాల్డెమన్ ఒకరని ఎన్నికల కమిటీ కోశాధికారి హ్యూ స్లోన్ గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పారని రాశారు. నిధి సంగతి నిజం. జ్యూరీ ముందు చెప్పారన్నది అబద్ధం, ఎందుకంటే జ్యూరీలో ఆయన్ని ఆ ప్రశ్నే అడగలేదు. పొరపాటు ఎలా జరిగింది? స్లోన్ అవునన్నది నిధి సంగతి ఒక్కదానికే, విలేకరులు విన్నది నిధికీ జ్యూరీకీ రెండింటికి. సరిచూసుకోవడానికి బెర్న్‌స్టీన్ న్యాయశాఖ లాయరు ఒకరికి ఫోన్ చేసి, పది అంకెలు లెక్కపెడతానని, కథనం తప్పయితే పదిలోపు ఫోన్ పెట్టేయమని చెప్పారు. ఆయన పెట్టెయ్యలేదు. తర్వాత తెలిసింది, షరతును ఆయన తలకిందులుగా అర్థం చేసుకున్నారని. మౌనాన్ని అంగీకారంగా లెక్కించే ఏ పద్ధతైనా ఇలాగే దెబ్బతీస్తుంది. కథనంలో ఎన్ని వాస్తవాలుంటే అన్ని విడి ప్రశ్నలు వేయాలి, ప్రతిదానికీ నోటి మాటగా జవాబు రావాలి. ఈ తప్పుతో విచారణ నెలల తరబడి వెనక్కి పోయిందని ఫెల్ట్ మండిపడ్డారు. సోర్స్ ప్రాణానికి తెగించి ఇచ్చినదాన్ని మన అజాగ్రత్త ఒక్క వాక్యంతో వృథా చేయగలదు.

1974లో ఇద్దరు విలేకరులూ రాసిన పుస్తకం వచ్చింది. ఇది నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే బరువైన తప్పు. అప్పటిదాకా అలాంటి సోర్స్ ఉన్నాడనే లోకానికి తెలియదు. పుస్తకం ఆయన సిగరెట్ అలవాటు, కార్యనిర్వాహక శాఖలో హోదా, గ్యారేజీ, మాటలు అన్నీ బయటపెట్టింది. ఉటంకించకూడదన్న షరతు ఉన్న మనిషి నోటి మాటలు సంభాషణలుగా అచ్చయ్యాయి. పేరు వాడుకోనివ్వమంటే ఫెల్ట్ ససేమిరా అన్నారు. పుస్తకం వచ్చాక ఉడ్‌వర్డ్ ఫోన్ చేస్తే ఆయన పెట్టేశారు. ఆ జూన్‌లోనే వాషింగ్టోనియన్ పత్రిక ఫెల్ట్ పేరు ఊహించింది. ఆయన కాదన్నారు. 1979లో తన ఆత్మకథలోనూ కాదన్నారు. 1999లో అడిగితే, తానైతే ఇంకా బాగా చేసేవాడినని అన్నారు. ముప్పై ఏళ్లు ఆ మనిషి అబద్ధం చెబుతూ బతకాల్సి వచ్చిందంటే కారణం ఆ పుస్తకమే.

ఈ మధ్యలో ఒక ఘట్టం. 1976లో ఎఫ్‌బీఐ అక్రమ చొరబాట్ల మీద గ్రాండ్ జ్యూరీ విచారణ. వైట్‌హౌస్‌కు తరచూ వెళ్లేవాడిని కాబట్టి తననే డీప్ థ్రోట్ అనుకున్నారని ఫెల్ట్ మాటవరసకు అన్నారు. ఒక జ్యూరీ సభ్యుడు వెంటనే అడిగేశాడు: మీరేనా? ఫెల్ట్ ముఖం పాలిపోయింది. విచారణ నడిపిస్తున్న న్యాయశాఖ అధికారి స్టాన్లీ పాటింగర్ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా చెప్పారు: మీరు ప్రమాణం మీద ఉన్నారు, కానీ ఈ ప్రశ్న విచారణ పరిధిలోది కాదు, కోరితే ఉపసంహరించవచ్చు. ఫెల్ట్ కోరారు. పాటింగర్‌కు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆయన ఆ సంగతి 2005 దాకా బయటపెట్టలేదు. గోప్యతను కాపాడినవాళ్ల జాబితాలో ఒక ప్రభుత్వ న్యాయవాదికి ఇంత ముఖ్యమైన చోటు దక్కడం అరుదు.

ఆ విచారణే ఫెల్ట్‌ను బోనెక్కించింది. వెదర్ అండర్‌గ్రౌండ్ అనే తీవ్రవాద బృందానికి చెందినవాళ్ల బంధువుల, మిత్రుల ఇళ్లలో వారంట్ లేకుండా చొరబడమని అనుమతి ఇచ్చినందుకు 1980 నవంబర్‌లో దోషిగా తేలారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ విచారణలో ఆయనకు అనుకూలంగా సాక్ష్యం చెప్పినవాళ్లలో నిక్సన్ ఒకరు. 1981లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చారు. ఒక చట్టవిరుద్ధ చొరబాటును బయటపెట్టిన మనిషి, దాదాపు అదే కాలంలో వేరే చొరబాట్లకు సంతకం పెట్టాడు. ఇది కష్టమైన నిజం, దాచకూడనిది. ఆయన ఉద్దేశం గురించి కూడా అంతే. దర్యాప్తును వైట్‌హౌస్ తొక్కేస్తోందన్న కోపం, దక్కని కుర్చీ మీద ఆశ రెండూ ఉన్నాయి. ఎఫ్‌బీఐని ఆపడానికి సీఐఏను వాడాలనుకున్న 1972 జూన్ 23 నాటి టేపులో, ఫెల్ట్ సహకరిస్తాడని, ఆయనకు పైకెదగాలన్న ఆశ ఉందని హాల్డెమన్ అంటారు. సోర్స్ మంచివాడా అని తేల్చడం విలేకరి పని కాదు. ఆయన చెప్పింది నిజమా, ఆయనకు అందులో ఏం లాభం, ఆ లాభం వల్ల ఏది వదిలేసి చెబుతున్నాడు, ఈ మూడూ తేల్చుకోవాలి.

ముగింపు దగ్గరికి వస్తే, ఫెల్ట్ కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో కూతురి ఇంట్లో ఉండేవారు. పక్షవాతం వచ్చింది, జ్ఞాపకం చెదిరింది. ఉడ్‌వర్డ్ చూడటానికి వెళ్లినప్పుడు కారు కొన్ని వీధుల అవతల ఆపి నడిచి వెళ్లారు. వాటర్‌గేట్ సంగతులు ఫెల్ట్‌కు సరిగ్గా గుర్తులేవు. కుటుంబానికి అనుమానం బలపడి, తండ్రిని ఒప్పించి, లాయరు ద్వారా పత్రికకు వెళ్లారు. ఉడ్‌వర్డ్ మింగలేక కక్కలేక ఉండిపోయారు. మతి సరిగా లేని మనిషి ‘చెప్పుకోవచ్చు’ అంటే అది అనుమతి అవుతుందా? ఆ మాట ఆయనదా, కూతురిదా, లాయరుదా? తేల్చే దారి లేక, తన దగ్గరున్న రహస్యాన్ని వేరే పత్రికలో చదవాల్సి వచ్చింది. వారాల్లోనే కుటుంబానికి పుస్తకం, సినిమా ఒప్పందాలు కుదిరాయి. ఫెల్ట్‌ను నమ్మి కాపాడిన గ్రే ఆ జూన్‌లో టీవీలో తన దిగ్భ్రాంతి చెప్పుకుని, జూలై 6న చనిపోయారు. ఫెల్ట్ 2008 డిసెంబర్ 18న, 95 ఏళ్ల వయసులో.

పోల్చడానికి మన దేశానికి సంబంధించిన బోఫోర్స్ ఉంది. 1986లో 410 ఫిరంగుల కొనుగోలు ఒప్పందం, 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపుల వార్త, ఆ తర్వాత ది హిందూలో వరసగా పత్రాలు. విలేకరి చిత్రా సుబ్రమణ్యంకు దాదాపు 350 పత్రాలు ఇచ్చింది దర్యాప్తు నడిపిన స్వీడిష్ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్. 2012 ఏప్రిల్‌లో, పాతికేళ్ల తర్వాత, ఆయనే ఆ విలేకరికే ఇంటర్వ్యూ ఇచ్చి పేరు బయటపెట్టుకున్నారు. ఎందుకిచ్చారో, రాజీవ్ గాంధీ విషయంలో సాక్ష్యం ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ లేదో తన నోటితో చెప్పారు. ఫెల్ట్ ఆ వివరణ ఇచ్చే స్థితిలో లేరు. రెండు కేసుల మధ్య అసలు తేడా ఇదే.

ఫిర్యాదుదారుకు మన చట్టం ఇచ్చే నీడ పలచన. 2014 విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం అమల్లోకి రాలేదు, వచ్చినా పేరు లేని ఫిర్యాదును అది తీసుకోదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15(2) విలేకరిని సోర్స్ చెప్పమని బలవంతపెట్టదు, అయితే అది కౌన్సిల్ విచారణ వరకే. జాతీయ రహదారుల ఇంజినీరు సత్యేంద్ర దూబే తన పేరు రహస్యంగా ఉంచమని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాస్తే, ఆ లేఖ పేరుతో సహా శాఖల్లో తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. కారణం దోపిడీ అని సీబీఐ తేల్చింది. పేరు తిరిగిన తప్పు దానితో చెరగదు.

కాబట్టి సోర్సుతో మొదటిసారి గట్టిగా కూర్చున్న రోజే కొన్ని సంగతులు అడిగి తేల్చుకోవాలి. మాటలు ఉటంకించవచ్చా, హోదా ఎంతవరకు చెప్పవచ్చు, ఆఫీసులో ఎవరికి పేరు తెలియాలి (ఎడిటర్ ఒక్కరికి మించి వద్దు, లీగల్‌కు హోదా చాలు). తర్వాత పుస్తకం రాస్తే ఈ షరతులే వర్తిస్తాయా? మాట ఎప్పటిదాకా: ఉద్యోగం వదిలేదాకా, చనిపోయేదాకా, భార్యాబిడ్డలు ఉన్నంతకాలమా? మధ్యలో ఆయనే బయటపడాలనుకుంటే ముందు ఎవరికి చెప్పాలి? మతి చెదిరితే ఎవరి మాట చెల్లుతుంది, లేక ఎవరి మాటా చెల్లదా? చివరి ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగాలి, ఏడాదికోసారి మళ్లీ అడగాలి. జవాబులు పేరు లేని ఒకే ఒక్క కాగితం మీద, తేదీతో, సంబంధం లేని గుర్తుతో రాసి, నోట్స్ ఉన్న చోట కాకుండా వేరేచోట ఉంచాలి. ఉడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ 2003లో తమ కాగితాలు టెక్సాస్ విశ్వవిద్యాలయానికి 50 లక్షల డాలర్లకు అమ్మినప్పుడు, బతికున్న రహస్య సోర్సుల కాగితాలు వాళ్లు చనిపోయేదాకా తెరవకూడదని షరతు రాయించారు. కాగితాల గడువు ఇంత స్పష్టంగా రాయగలిగినవాళ్లు, మనిషికిచ్చిన మాట గడువును కూడా 1972లోనే ఆ మనిషితో రాయించుకోగలిగేవారు.